నన్ను తన్నని జట్టు

పోయిన నెలలో బొంజుబాబు ఏదో ఆసుపత్రి పని మీద విశాఖపట్నం వచ్చి, సాయంత్రం మా ఫ్లాటుకు వచ్చాడు. డిగ్రీలో మా ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అతను. ఇప్పుడు అరకు దగ్గరే ఒక బడిలో హెడ్మాస్టరు. సోఫా అంచున కూర్చుని, తెచ్చిన సంచిలోంచి రాజ్‌మా గింజలు, కాఫీ పొడి పొట్లం, ఒక పనసకాయ తీసి బల్ల మీద పెట్టాడు. మా ఆవిడ సుజాతకు చాలా ఏళ్ళుగా ఒక అనుమానం ఉంది. నేను కాలేజీ రోజుల్లో ఫార్వర్డునని, గోల్సు కొట్టేవాణ్ణని పిల్లలకు చెప్పుకున్న కబుర్లు ఆమె ఏనాడూ నమ్మలేదు. ఇన్నాళ్ళకు సాక్షి దొరికాడు కనుక వదల్లేదు. "అన్నయ్యగారూ, నిజం చెప్పండి. ఈయన బాగా ఆడేవారా?" అని అడిగింది. బొంజుబాబు టీ కప్పు కింద పెట్టి, నా వైపు ఒకసారి చూసి, "బాగా ఆడీవోడమ్మా. బాబు కాలికి బంతి దొరికిందంటే మాం అందరం పక్కకి తప్పుకునీవోలం" అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సుజాతకు అది మెచ్చుకోలులా వినిపించింది. నాకు మాత్రం నవ్వాగక టీ పొలమారింది. ఆ తప్పుకోవడం వెనక సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదివితే చదవనీ.

మా నాన్నది అరకు సంత వీధిలో కిరాణా కొట్టు. తాతగారి కాలంలో విజయనగరం వైపు నుంచి కొండెక్కిన కుటుంబం మాది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గోనె తెర. కొట్టు వాసనే మా ఇంటి వాసన. చింతపండు, పిప్పళ్ళు, ఎండుమిరపకాయలు, బస్తాల్లో పసుపు, కట్టలు కట్టిన అడ్డాకులు, ఇవన్నీ కలిసి నా పుస్తకాలకూ చొక్కాలకూ పట్టేసేవి. నాన్న తెల్లవారే లేచి, తాసు పళ్ళేలు చింతపండుతో తోమించి, వాటికి బొట్టు పెట్టాక గాని మొదటి బేరాన్ని లోపలికి రానిచ్చేవాడు కాదు. చలికాలంలో పెరట్లో రాగి కాగు కింద మంట ఆరేది కాదు. అమ్మ ఆ మంట దగ్గరే కూర్చుని ఉలవలు వేయించేది. చుట్టూ కాఫీ తోటలున్న ఊళ్ళో మా ఇంటికి కాఫీ పొడి విజయనగరం నుంచి వచ్చేది. కొండ కాఫీ అంటే అమ్మకు ఎందుకో అపనమ్మకం.

శుక్రవారం సంత రోజున కొండల మీంచి దిగినవాళ్ళతో కొట్టు నిండిపోయేది. తనకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళను కూడా నాన్న "ఏరా" అనే పిలిచేవాడు. వాళ్ళు నాన్నను "బాబూ" అనేవారు. గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చుని బెల్లం ముక్క చప్పరించే నన్ను కూడా "బాబూ" అనే అనేవారు. అందులో వింత ఉందని నాకు చాలా కాలం తోచలేదు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు తప్ప నా పేరు సుధాకర్ అని నాకే గుర్తుండేది కాదు. నాన్న చెడ్డవాడని కాదు, జ్వరం వచ్చిందని ఎవరైనా చెబితే మాత్రలు ఊరికే ఇచ్చి పంపేవాడు. కానీ ఆ ఇవ్వడంలో కూడా పైనుంచి కిందికి ఇవ్వడమే ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

తొంభైల నడిమధ్యలో నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా కాలేజీకి ఆటలు నేర్పే కొత్త పీడీ వచ్చారు. అప్పలనాయుడు మాస్టారు. బొబ్బిలి దగ్గరి మనిషి, మంకీ క్యాపూ, మెడలో ఈలా లేకుండా ఎవరూ చూసి ఎరగరు. వచ్చిన వారానికే ఫుట్‌బాల్ జట్టు కడతానన్నారు. మా మైదానం ఒక వైపుకు వాలి ఉండేది. బంతి గట్టిగా తంతే దొర్లుకుంటూ పోయి కింద పారే గెడ్డలో పడేది, తడిసిన బంతి ఆరే దాకా ఆట ఆపేవాళ్ళం. మంచు దిగిన రోజుల్లో అవతలి గోలు కనిపించేది కాదు, ఈల ఎటు వినపడితే అటు పరిగెత్తడమే. జట్టులో సరిగ్గా పదకొండు మందిమే. అందులో ఏడుగురు గెడ్డవలస అనే ఒక్క ఊరి వాళ్ళు, ముగ్గురు ఆ పక్క ఊళ్ళ వాళ్ళు. పదకొండోవాణ్ణి నేను. కొండ మీది కుర్రాళ్ళు బూట్లు లేకుండా ఆడేవారు. పొద్దున చోడి అంబలి తాగి, ఆరు మైళ్ళు నడిచి వచ్చి, సాయంత్రం దాకా ఆడినా ఒక్కడికీ ఆయాసం వచ్చేది కాదు. నేను నాన్న చేత విజయనగరంలో కొనిపించుకున్న బూట్లతో దిగేవాణ్ణి.

ప్రాక్టీసుకు మాలో మేమే రెండు పక్కలుగా చీలి ఆడేవాళ్ళం. దిగిన మొదటి రోజునే నేను నాలుగు గోల్సు కొట్టాను. రెండో రోజు మూడు. బంతి నా దగ్గరికి వచ్చిందంటే ముందు బ్యాకులు తప్పుకునేవారు, తరవాత గోలీ దాసు ఒక పక్కకు పడిపోయేవాడు. అది నా కాలి మహిమ అని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. రాత్రి భోజనాల దగ్గర నా గోల్సు ఒక్కొక్కటీ అమ్మకు వివరించేవాణ్ణి. "బంతి తన్నితే ఉజ్జోగం ఇత్తారేటిరా?" అని అమ్మ అడిగేది. ఇస్తారు, రైల్వేలో ఇస్తారు అని చెప్పేవాణ్ణి. పీడీ మాస్టారు మాత్రం నా ఆట చూస్తూ ఏమీ అనేవారు కాదు. ఆయన అసూయపడుతున్నారేమో అనుకున్నాను. ఆ వయసులో మనిషికి ఎంత పొగరుంటుందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సంక్రాంతి సెలవులకు ముందు ఘాటు దిగి ఎస్.కోటలో మొదటి మ్యాచి ఆడాం. ఆట మొదలైన కాసేపటికి బంతి నాకు అందింది. అలవాటు ప్రకారం ముందుకు పోయాను. అవతలి బ్యాకు ఒక బొద్దు మీసాలవాడు, తప్పుకోలేదు. న్యాయంగానే, బంతి మీదికే వచ్చాడు, నేనే వాడికి అడ్డంగా ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి ఆకాశం కనిపించింది. అన్నిటికంటే సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, నేను లేవకుండా అక్కడే కూర్చుని, వాడు వచ్చి క్షమించమంటాడేమో అని ఎదురు చూశాను. వాడు వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. ఆ రోజు ఇంకో అయిదారు సార్లు పడ్డాను, బంతి ఒక్కసారి కూడా గోలు దాకా తీసుకుపోలేదు. ఆరు గోల్సు తేడాతో ఓడాం.

తిరుగు బస్సులో పీడీ మాస్టారు నా పక్కన కూర్చున్నారు. "ఒరే సుధాకరా, నువ్వు ఇన్నాళ్ళూ ఆడత్తన్నావనుకుంటన్నావు. కాదురా. ఈళ్ళు నిన్ను ఆడనిత్తన్నారు. మన మైదానంలో నీ కాలికి ఒక్కడి కాలైనా తగిలిందేటి, గుర్తు తెచ్చుకో" అన్నారు. గుర్తు తెచ్చుకుంటే ఒక్కసారి కూడా లేదు. లేచి వెనక సీటుకు పోయి బొంజుబాబును అడిగాను. అతను దాచకుండా చెప్పాడు. "సావుకారి బాబుని ఎలగ తన్నుతాం బాబూ? శుక్రవారం వత్తే మాయమ్మ మీ కొట్టుకే కదా రావాల. నీకు దెబ్బ తగిల్తే మీ నాన్న ఏటంటాడో అని మాకు బయం." కోపంగా అనలేదు, వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు. నేను కొట్టిన గోల్సన్నీ మా నాన్న కొట్టువే అని అప్పుడు తెలిసింది.

ఆ మర్నాటి నుంచి నాకు ఒకటే పట్టుదల. నన్ను వీళ్ళు తన్నాలి. ఆట బాగుపడాలని కొంత, కానీ అసలు కోరిక అది కాదు. వాళ్ళలో వాళ్ళు తన్నుకునేవారు, తిట్టుకునేవారు, బురదలో దొర్లి నవ్వుకునేవారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయేది. జట్టులో పదిమంది ఆటగాళ్ళూ ఒక చుట్టమూ ఉన్నట్టుండేది. "తన్నండ్రా, నేనేమీ అనుకోను" అని బతిమాలాను. బొంజుబాబు నిజంగానే ప్రయత్నించాడు పాపం. ఊపుగా పరిగెత్తుకు వచ్చేవాడు, జానెడు దూరంలో కాలు దానంతట అదే ఆగిపోయేది. ఒకసారి దాసు గోలు వదిలి ముందుకు వచ్చి, కళ్ళు మూసుకుని, ప్రభువా అనుకుంటూ నా పిక్క మీద ఒకటిచ్చాడు. ఇచ్చిన వెంటనే కూర్చుని చేత్తో రుద్దడం మొదలుపెట్టాడు. అంతటితో పోలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ చంకలో కోడిపెట్ట, బుట్టలో బొప్పాయిపళ్ళతో మా కొట్టు ముందు నిలబడి, "బాబూ, మావోడు బుద్దిలేక సిన్నబాబుని తన్నీసినాడంట. ఏటీ అనుకోకండి" అంది. నాన్నకు ముందు ఏమీ అర్థం కాలేదు. నన్ను పిలిచి విషయం రాబట్టాడు. కోడిపెట్టను తిరిగి ఇచ్చేసి, బొప్పాయిపళ్ళు ఉంచుకుని, ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగి, "తన్నులు కావాలంటే ఊరోళ్ళని అడుక్కోవడం ఏట్రా? నన్నడిగితే నాను తన్నీవోణ్ణి కాదేటి?" అన్నాడు. తెర వెనక అమ్మ నవ్వడం వినిపించింది.

జనవరిలో జరగాల్సిన కాలేజీల పోటీలు ఏవేవో కారణాలతో వెనక్కి జరుగుతూ చైత్రంలో పడ్డాయి. పార్వతీపురంలో ఆట. మా కొండల్లో చైత్రమంటే ఇటుకల పండగ. ఆ రోజుల్లో మగవాళ్ళందరూ బరిసెలు, విల్లులు పట్టుకుని వేటకు పోవాలి. పోనివాడికి తలవంపు. ఏదైనా దొరికితే డప్పులతో ఎదురొచ్చి, మాంసం ఊరంతా సమానంగా వాటాలేసుకుంటారు. కొట్టినవాడికీ, అరిచి తోలినవాడికీ, ఇంట్లో మంచాన ఉన్న ముసలివాడికీ ఒకటే వాటా. "నేను కొట్టాను" అని వేటలో ఎవరూ అనకూడదు, అన్నవాణ్ణి చూసి పిల్లలు కూడా నవ్వుతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే మాత్రం ఊరి పొలిమేరలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉండి, వెక్కిరింపు పాటలు పాడుతూ ఒక్కొక్కడి నెత్తినా గుమ్మరిస్తారు. పండగ రోజుల్లో ఏడుగురు కుర్రాళ్ళు ఊరు విడిచి బంతాటకు పోతామనేసరికి గెడ్డవలసలో గొడవైంది. పీడీ మాస్టారూ నేనూ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాం. ఊరిపెద్ద చుట్ట నోట్లోంచి తీసి, "సరే, ఎల్లండి. ఈ పాలికి ఆటే మీ ఏట. ఏదో ఒకటి తేవాల. ఉత్త సేతుల్తో వత్తే ఆడోళ్ళని నాను ఆపను" అని తీర్పు చెప్పాడు. బొంజుబాబు మామ్మ సొన్నాయి అక్కడే అడ్డాకులు కుడుతూ, "పేడ ఇప్పట్నించే దాసుతాం" అంది.

పార్వతీపురానికి వచ్చినవి నాలుగే జట్లు. మొదటి ఆటలో మావాళ్ళు ఎవరూ ఊహించని పని చేశారు. అడవిలో జంతువును తోలినట్టు, అయిదారుగురు వరసగా కేకలు వేసుకుంటూ అవతలివాళ్ళను ఒక మూలకు తోలేశారు. రెండో పక్కన బొంజుబాబు కిక్కురుమనకుండా నిలబడ్డాడు. బంతి అక్కడికి చేరగానే గోలు. నేను ఎక్కడున్నానంటారా, ఇద్దరు బ్యాకుల మధ్య నలుగుతున్నాను. ఆట అయ్యాక మైకు దగ్గర కూర్చున్నాయన గోలు కొట్టిందెవరని అడిగాడు. "మాం కొట్టినాం" అన్నాడు బొంజుబాబు. మీరంటే ఎవరు, పేరు చెప్పాలి అన్నాడాయన. బొంజుబాబు సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు, నేను అని చెప్పడానికి నోరు రాలేదు. మిగతావాళ్ళూ నేల చూపులు చూశారు. చివరికి "గెడ్డవలసోలం" అన్నాడు. "శ్రీ గెడ్డవలస గారు ఒక గోలు సాధించారు" అని మైకులో మోగింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. నవ్వుతూనే నాకు ఒక మూల చివుక్కుమంది. ఆ "మాం"లో నేను లేను.

మర్నాడు పొద్దున్నే ఫైనల్. ఒక గోలు వెనకబడ్డాం. దాసు చేతుల్లోంచి బంతి జారి లోపలికి పోయింది. ఆట ముగింపుకొస్తుండగా బొంజుబాబు నా కాలికి బంతి పంపాడు. ఎదురుగా తాటిచెట్టంత బ్యాకు. ఈసారి వాడు తప్పుకుంటాడని నేను అనుకోలేదు, అదే నా ఆటలో వచ్చిన తేడా. భుజం పెట్టి తోశాను, వాడూ తోశాడు, వాడు పడ్డాడు, నేను పడలేదు. గోలీ కూడా అప్పటికే జారి పడి ఉన్నాడు. ముందు ఖాళీ గోలు, నేను, బంతి. ఊపిరి బిగబట్టి తన్నాను. బంతి కర్ర మీదుగా పోయి, బఠాణీలమ్మే బండి మీద పడింది. ఈల మోగింది. గెలిచినవాళ్ళకు కప్పు ఇచ్చారు. మాకు తలా ఒక కాగితం చేతిలో పెట్టారు.

తిరుగు ప్రయాణంలో దాసును దారి పొడుగునా తిట్టారు. "నీ సేతులకి నూనె రాసుకున్నావేట్రా?" అని ఒకడు, "బైబిలు కూడా అలాగే జారవిడుత్తావేటి?" అని ఇంకొకడు. దాసు తిరిగి తిడుతున్నాడు. వాడు వదిలిన గోలు కంటే నేను పోగొట్టిన గోలు ఘోరం. అయినా నన్ను ఒక్కడూ తిట్టలేదు. బొంజుబాబు వచ్చి, "పోన్లే బాబూ, ఎండ కంట్లో పడిపోనాది" అని ఓదార్చాడు. ఎండ నా వీపు మీద ఉంది. అంత ఒంటరితనం నాకు అంతకు ముందు తెలియదు. ఘాటు రోడ్డు మలుపుల్లో తల తిప్పుకుని ఏడ్చాను.

గెడ్డవలస అరకుకు ముందే వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి బస్సాగింది. నేను సీట్లోనే కూర్చుని ఇంటికి పోవచ్చు. పోబుద్ధి కాక వాళ్ళతో దిగాను. పొలిమేరలో ఇరవై ముప్ఫై మంది ఆడవాళ్ళు, కుండలు, డప్పు. సొన్నాయి ముందుకొచ్చి, "ఏటి తెచ్చినారు?" అని అడిగింది. బొంజుబాబు కాగితాలు చూపించాడు. ఆమె వాటిని తిరగేసి చూసి, "ఈటిని ఎలగ వండాల్రా? ఉప్పేత్తే ఉడుకుతాయేటి?" అంది. ఇక మొదలైంది. వరసలో నిలబెట్టి, పేరు పేరునా పాట కట్టి, ఒక్కొక్కడి నెత్తినా కుండ వంచారు. దాసుకు రెండు కుండలు పడ్డాయి. పీడీ మాస్టారు పారిపోబోతే వెంటపడి మంకీ క్యాపు నిండా పోశారు. వరస చివర నేను. నా ముందుకు వచ్చిన పిల్ల కుండ ఎత్తి ఆగిపోయింది. పాట ఆగింది. డప్పు ఆగింది. సొన్నాయి గొంతు మార్చి, "సావుకారి బాబు, నువ్వు పక్కకి రా బాబూ. మంచి బట్టలు, పాడైపోతాయి" అంది. నా చుట్టూ జాగా చేసి అందరూ వెనక్కి జరిగారు. ఆ పొడి నేల మీద, తెల్ల చొక్కాతో, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను.

బొంజుబాబు ముఖం మీది పేడ తుడుచుకుంటూ నన్ను చూశాడు. "మామ్మా, గోలు పోగొట్టింది ఆడే" అన్నాడు. నన్ను "బాబు" అనకుండా "ఆడు" అనడం అదే మొదలు. "ఏటలో అందరికీ వాటా కాదేటి? మాం వాటా తీసుకున్నాం. ఆడి వాటా ఆడికి ఎయ్యరేటి? ఆడు మనోడు కాడేటి?" సొన్నాయి నా కళ్ళలోకి చూసి, నోరంతా తెరిచి నవ్వింది. ఆ పిల్ల చేతిలోంచి కుండ లాక్కుని తనే పోసింది. చల్లగా, చిక్కగా, చెవుల్లోకి, నోట్లోకి. ఇంకో కుండ, ఇంకో కుండ. నా మీద కూడా పాట కట్టారు, అందులో బఠాణీల బండి కూడా ఉంది. జట్టంతా చుట్టూ చేరి ఎగురుతోంది. నా జీవితంలో అంత సంతోషం చాలా తక్కువసార్లు కలిగింది, పెళ్ళి రోజును కలుపుకునే చెబుతున్నాను, సుజాత క్షమించాలి.

ఆ అవతారంతో సంత వీధి వెంట నడిచి ఇంటికి వెళ్ళాను. నాన్న ముక్కు మూసుకుని, కొట్టులోంచి కాదు, పెరటి దారిన రమ్మన్నాడు. ఆ తరవాత కొన్నేళ్ళకు బొంజుబాబు మాస్టరై కొట్టుకు వచ్చినప్పుడు నాన్న లేచి కుర్చీ జరిపి "రండి మాస్టారూ" అనడం నేను చూశాను. నాన్నకు అది సులువుగా వచ్చి ఉండదు. ఇప్పుడు ఆ వీధిలో కొండవాళ్ళ పిల్లలవే నాలుగు కొట్లున్నాయి. మైదానాన్ని చదును చేశారు, కుర్రాళ్ళు రంగురంగుల బూట్లతో ఆడుతున్నారు, బంతి గెడ్డలోకి పోవడం లేదు. బాగానే ఉంది, బాగుండాలి కూడా. నేనుండే చోట మాత్రం లిఫ్టు కుర్రాడి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ "సార్" అని పక్కకు తప్పుకుంటారు. వయసు వల్ల వచ్చిన మర్యాద అనుకుంటాను గానీ, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు పండగ అయ్యాక మళ్ళీ ప్రాక్టీసుకు దిగాం. పోటీలు అయిపోయాయి, ఆడాల్సిన అవసరం కూడా లేదు. బంతి నాకు దొరికింది. ఎడమ పక్క నుంచి బొంజుబాబు రావడం కనిపించింది. జానెడు దూరంలో కాలు ఆగలేదు. ఎముక మీద కర్రతో కొట్టినట్టయి, గాల్లోకి లేచి, మొహం నేలకు కొట్టుకునేలా పడ్డాను. కాలు పట్టుకుని అరిచాను. ఎవరూ రాలేదు. ఎవరూ కాలు రుద్దలేదు. తల ఎత్తి చూస్తే బంతి, దాని వెనక జట్టు మొత్తం, అప్పుడే అవతలి గోలు దగ్గర ఉన్నారు. అక్కడి నుంచి బొంజుబాబు వెనక్కి తిరిగి కేకేశాడు.

"పడుకున్నావేట్రా? లెగు, బేగి రా!"

లేచి, కుంటుకుంటూ పరిగెత్తాను.